దోర్దీ అక్క చలిబట్టలు

సెప్టెంబరు 12

వాయవ్యపు గాలి. వాన. పడవ తియ్యలేదు.

మునిసిపాలిటీ నర్సు తూవె ఇవాళ అక్క ఇంటికి వచ్చింది. నేను చేపలు ఇద్దామని వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆ పిల్ల చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటున్నాను. నాకు రాత పెద్దగా రాదు. బడికి పోయింది వారం మార్చి వారం, అదీ పన్నెండేళ్ళ వరకే. ఈ పుస్తకం ఎవరూ చదివేది కాదు. తప్పులున్నా నావే.

తూవె చెప్పింది ఇది. నవంబరు తొమ్మిదిన మళ్ళీ వస్తుంది. ఆ పొద్దున అక్క ఒంటి మీది బనీను దగ్గర్నుంచి పైకోటు దాకా తనంతట తానే వేసుకోవాలి. తర్వాత బయటికెళ్ళి కొట్టంలోంచి కట్టెలు తేవాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. చేసుకోగలిగితే చలికాలం ఇంట్లోనే ఉండొచ్చు. లేకపోతే అవతల ఒడ్డున పట్నంలో, వృద్ధాశ్రమంలో మంచం సిద్ధంగా ఉంది. లాంచీ మీద మూడు గంటలు.

"ఫిబ్రవరిలో అయినట్టు ఇంకోసారి అవకూడదు మామ్మగారూ" అంది తూవె.

అక్క కాఫీ కప్పు రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. వేళ్ళతో పట్టుకోదు ఈ మధ్య. "నా ఇంట్లో నేను బట్టలు కట్టుకోడానికి మునిసిపాలిటీని అడగాలా?" అంది.

"అడగక్కర్లేదు మామ్మగారూ. మీరు చలికి బిగుసుకుపోతే కాగితం రాయాల్సింది నేను."

"అయితే మంచి దస్తూరీతో రాయి. మా తమ్ముడిలా కోడి గీతలు గియ్యకు."

ఫిబ్రవరి సంగతి ఇక్కడ రాయను.

సెప్టెంబరు 13

అక్కకి వేళ్ళు కాస్త బిరుసెక్కాయి, అంతే. నలభై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో మంచునీళ్ళలో చెయ్యి పెట్టి కోసిన మనిషి. వాన పోతే సర్దుకుంటాయి.

సెప్టెంబరు 16

ఎండ. గాలి తక్కువ.

చేపలిచ్చి వచ్చేద్దామని వెళ్ళాను. అక్క పెట్టె తెరిపించింది. చలికాలం బట్టలన్నీ బయట తాడు మీద వేయించింది. ఉన్ని ఉతికేది కాదు, ఆరుబయట గాలికి ఊరికే వేలాడదియ్యాలి, అదే శుభ్రం అవుతుంది. తను గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని హుకుం చేసింది.

"ఆ బనీను తిరగెయ్యి. లంగా నడుం దగ్గర పట్టుకో, అంచు దగ్గర కాదు. ఒరేయ్, అది చేప కాదురా, తోకతో వేలాడదియ్యడానికి!"

ఉన్నవి ఇవి. లోపలి బనీన్లు మూడు. పొడుగు మేజోళ్ళు నాలుగు జతలు. ఉన్ని లంగా ఒకటి. స్వెట్టర్లు రెండు, చర్చికి వేసుకునే నీలంది, మామూలుది. కోటు. అరవై ఏళ్ళు ఊరందరికీ అల్లిపెట్టిన మనిషి తనకి ఉంచుకున్నది ఇంతే.

సాయంత్రం లోపలికి తెచ్చాక, ఒకసారి వేసుకుని చూడు అన్నాను. నన్ను గోడ వైపు తిరగమంది. తిరిగాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత దుప్పట్లోంచి మాట్లాడినట్టు గొంతు వచ్చింది.

"ఒరేయ్ హిల్మార్. ఉన్నావా?"

"ఉన్నాను."

"అయితే వచ్చి లాగు. నవ్వావంటే చంపేస్తా."

తల స్వెట్టర్ లోపలే ఉంది. చేతులు భుజం పైకి లేవక సగంలో ఆగిపోయి, అక్క అందులో గూడు కట్టుకున్నట్టు కూర్చుని ఉంది. లాగాను. జుట్టంతా రేగిపోయింది. నేను నవ్వలేదు. అక్కే నవ్వింది, ఒక నిమిషం. తర్వాత ఆపేసింది.

సెప్టెంబరు 20

పడవ తీశాను. ఏమీ పడలేదు. జనవరిలో ఓద్మున్ పెద్ద పడవ మీద కాడ్ చేపల వేటకి వెళ్తాను. నాకో చోటు ఉంచమని చెప్పాలి.

సెప్టెంబరు 25

ఇది ఆడవాళ్ళ పని. నేను చేసేది సాయం కాదు, మరమ్మతు. మరమ్మతు నాకొచ్చు.

అక్క వేళ్ళు చిన్న బొత్తాన్ని పట్టలేవు. కాబట్టి లంగావి, కోటువి బొత్తాలన్నీ కోసి పారేశాను. ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రని చెక్కి బొటనవేలంత బిళ్ళలు చేశాను. వల తాడుతో ఉచ్చులు కుట్టాను. అరచేత్తో నెట్టినా ఉచ్చులోకి వెళ్తుంది. మేజోళ్ళ పైఅంచుకి అటో తాడు వలయం, ఇటో వలయం. వంకీ ఉన్న కర్ర ఒకటి చేసిచ్చాను. వలయంలో వంకీ దూర్చి లాగితే మేజోడు పైకి వస్తుంది. పది నిమిషాల్లో రెండు కాళ్ళకీ ఎక్కించింది.

"నేనేమన్నా పడవననుకున్నావా, ఇన్ని తాళ్ళు కట్టావు?" అంది.

"పడవైతే ఇంత మాట్లాడదు."

"పడవైతే నువ్వు రోజూ వచ్చి చూసుకునేవాడివి."

కాఫీ తాగి వచ్చేశాను.

ఇక మిగిలింది స్వెట్టర్లు. తల మీదుగా వేసుకునేవి ఇక కుదరవు. ముందు నుంచి తెరుచుకోవాలి.

అక్టోబరు 3

చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

అక్క చిన్నప్పటి నుంచీ స్వెట్టర్‌ని గొట్టంలా గుండ్రంగా అల్లి, ఆఖర్న కత్తెర తీసుకుని ముందువైపు నిలువునా కోసేది. కొత్త కోడళ్ళు చూసి కెవ్వుమనేవాళ్ళు. అక్క కత్తెర ఆడిస్తూ, "ఉన్నికి భయం తెలుస్తుంది, చెయ్యి వణక్కూడదు" అనేది. నేను వందసార్లు చూశాను.

అక్క పడుకుని ఉండగా నీలం స్వెట్టర్ బల్ల మీద పరిచి మెడ నుంచి అంచు దాకా కోసేశాను. చెయ్యి వణకలేదు.

అక్టోబరు 4

దారాలు ఊడిపోతున్నాయి. పొద్దున ఒక వేలి వెడల్పు. మధ్యాహ్నానికి జానెడు. వల చిరిగితే ఎలా ముడేస్తామో అలా ఒక్కో కన్నూ పట్టి ముడేశాను. ఇక్కడ వేస్తే అక్కడ ఊడుతోంది. ముడులతో ఛాతీ అంతా గులకరాళ్ళు పోసినట్టుంది.

అక్క చూసింది. ఆ స్వెట్టర్ తన మొగుడు పోయిన ఏడాది అల్లుకుందని నాకు తెలియదు. తెలుసేమో. గుర్తు లేదు.

తిట్టలేదు. "ఇంటికి పో" అంది.

"అక్కా, నేను..."

"పో హిల్మార్."

అక్టోబరు 5

వెళ్ళలేదు. పిలవనిదే ఎందుకు వెళ్ళాలి.

అక్టోబరు 6

వెళ్ళలేదు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, ఇక్కణ్ణుంచి కనపడుతుంది.

అక్టోబరు 7

రెండు రోజులు. ఫిబ్రవరిలో తొమ్మిది.

సరే, రాస్తాను.

నేనిచ్చిన చేపలో ఉప్పు ఎక్కువైందంది అక్క. డెబ్బై ఏళ్ళుగా ఉప్పు వేస్తున్నాను నేను. నువ్వే వేసుకో అని వచ్చేశాను. తొమ్మిది రోజులు అటు తొంగి చూడలేదు. తనే పిలుస్తుంది అనుకున్నాను. ఇక్కడి నుంచి పొగ చూసేవాణ్ణి. పదో రోజు పొగ లేదు.

వెళ్ళేసరికి అక్క వంటింట్లో కుర్చీలో ఉంది, ఎండాకాలం నూలు గౌను మీద. పొయ్యి ఆరిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఉన్ని బట్టలన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి. వేసుకుందామని చూసిందన్నమాట. వేసుకోలేకపోయింది. ఆ గౌనుకి మాత్రం పెద్ద బొత్తాలు. బయటికి పోయి కట్టెలు తేవడానికి ఆ గౌను చాలదు కాబట్టి, తేలేదు. ఎవరినీ పిలవలేదు. ఎవర్ని పిలుస్తుంది. పిలిస్తే రావాల్సినవాణ్ణి నేను.

తూవెకి నేను రోజూ వెళ్ళేవాణ్ణని చెప్పాను. అక్క పక్కనే ఉండి విన్నది. ఏమీ అనలేదు.

వెళ్తున్నాను. ఇప్పుడే.

అదే రోజు, సాయంత్రం

తలుపు తీసే ఉంది. అక్క నీలం స్వెట్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఒక మాట చెప్పరా" అంది. "నేను కత్తెర పట్టే ముందు ఏం చేసేదాన్నో చూశావా?"

"కత్తెర పట్టేదానివి."

"దానికి ముందు. మిషను మీద రెండు వరసలు గట్టిగా కుట్టేదాన్ని. ఆ రెండు కుట్ల మధ్యే కోసేదాన్ని. వందసార్లు చూశానంటావు, అది చూడలేదా?"

"కత్తెర వైపు చూశాను."

"మగాళ్ళంతా అంతే. కత్తెరే చూస్తారు." నవ్వడం మొదలుపెట్టింది. ముడులు ఒక్కోటీ తడుముతూ నవ్వింది. "ఇదేం ముడిరా? దీంతో సొరచేపని లాగొచ్చు." దగ్గు వచ్చేదాకా నవ్వింది. నీళ్ళిచ్చాను.

నవ్వాక అంది. "నా వేళ్ళతో మిషను నడవదు. నీకు రాదు. ఊళ్ళో ఎవర్నన్నా అడిగితే తూవె దాకా వెళ్తుంది. ఇక చాలు. పట్నంలో వెచ్చగానే ఉంటుందట, గదికో కిటికీ ఉంటుందట."

"కిటికీలోంచి ఏం కనపడుతుంది?"

"పక్క గోడ" అంది.

అక్టోబరు 9

దొరికింది.

పడవ కొట్టంలో పాత చేతి తొడుగులు చూస్తూ కూర్చున్నాను. అక్క అల్లినవి. మా తొడుగులు మూడింతలు పెద్దగా అల్లేవాళ్ళు. వేడి సముద్రపు నీళ్ళలో నానబెట్టి డెక్కు మీద వేసి బూట్లతో తొక్కితే కుంచించుకుని చెక్కలా గట్టిపడేవి, గాలి దూరేది కాదు. వాటిలో ఒకదాన్ని ఎప్పుడో గాలం చీల్చింది. ఇంత పొడుగున. అప్పటి నుంచీ అది అలాగే ఉంది. ఒక్క దారం ఊడలేదు.

తొక్కిన ఉన్ని ఊడదు. కోసినా ఊడదు.

అయితే తొక్కితే చిన్నదవుతుంది. అక్క స్వెట్టర్ తొక్కితే బొమ్మకి సరిపోతుంది. పెద్దవి కావాలి. మూడింతలు పెద్దవి ఎవరి దగ్గర ఉన్నాయి? నా పెట్టెలో. వేటకి అక్క అల్లిచ్చిన స్వెట్టర్లు నాలుగు, ఇంకా తొక్కనివి. అంచు లోపల అందరివీ కలిసిపోకుండా నా పేరు అక్షరం.

ఓద్మున్‌ని ఇవాళ దుకాణం దగ్గర చూశాను. చోటు సంగతి అడగలేదు.

అక్టోబరు 10

అక్కతో గొడవ.

"అవి నీ సముద్రం బట్టలు. ముట్టుకోకు" అంది.

"వాడటం లేదు."

"జనవరిలో వెళ్తానన్నావుగా."

"అన్నాను."

"పోయినేడూ అన్నావు. అంతకు ముందేడూ అన్నావు."

"అన్నాను కదా, ఇప్పుడు వెళ్ళనంటున్నాను. చెవులు కూడా బిరుసెక్కాయా?"

"నీళ్ళు మరీ మరిగించకు" అంది. "వేలు పెడితే ఒక్క క్షణం ఓర్చుకునేంత. నీ వేలు కాదు, నీది తోలు. మామూలు మనిషి వేలు."

అక్టోబరు 11

తొక్కాను. నాలుగు గంటలు.

అక్టోబరు 12

తొక్కాను. మోకాళ్ళు నావి కావు.

అక్టోబరు 13

అక్క కర్ర పట్టుకుని పడవ కొట్టం దాకా నడిచి వచ్చింది, చూడటానికి. బల్ల మీద కూర్చుని, "ఎడమ చెయ్యి ఇంకా వదులుగా ఉంది, అటు తొక్కు" అని చెప్పింది. తొక్కుతుంటే పాత రోజుల్లో పడవ మీద కుర్రాళ్ళు పాడే పాట అందుకున్నాను. అందులో ఆడవాళ్ళ ముందు అనకూడని మాటలున్నాయని మూడో చరణంలో గుర్తొచ్చింది. ఆపాను. ఆగిన చోటు నుంచి అక్క పాడింది.

అక్టోబరు 16

ఆరాయి. అక్క భుజాల మీద పెట్టి కొలిచాను. సరిపోయింది, చేతులు కాస్త పొడుగు. కత్తెర తీసుకున్నాను.

"ఆగు" అంది అక్క. "నేను కోస్తాను."

వేళ్ళు కత్తెర రంధ్రాల్లో దూరలేదు. నేను కత్తెర పట్టుకున్నాను, అక్క నా చెయ్యి మీద తన చెయ్యి వేసింది. అలా కోశాం. నాలుగూ.

సాయంత్రం దాకా చూశాం. ఊడలేదు.

బిళ్ళలు పెద్దవి పెట్టాను. నా పేరు అక్షరం తీసెయ్యనా అంటే అక్క వద్దంది.

అక్టోబరు 28

మొదటి మంచు, నిలవలేదు. అక్కకి అభ్యాసం. గంటా ఇరవై నిమిషాలు. లంగా తిరగేసి వేసుకుంది.

నవంబరు 2

గంట.

నవంబరు 5

యాభై నిమిషాలు. బట్టలన్నీ వేసుకునే వరసలోనే సొరుగుల్లో పెట్టాను, మొదటిది పైన. అక్క, "నేను మరీ అంత మొద్దునా?" అంది. నేను పడవలో సామాను కూడా అలాగే పెడతానన్నాను. ఒప్పుకుంది.

నవంబరు 8

అభ్యాసం చెయ్యనంది. గోళ్ళు కత్తిరించమంది. కత్తిరించాను. కాలి గోళ్ళు కూడా.

నవంబరు 9

రాయాలి. ఇప్పుడే రాయాలి.

మైనస్ ఎనిమిది. తూర్పు గాలి. నేను ఏడింటికే వెళ్ళాను. తూవె తొమ్మిదింటికి వచ్చింది. అక్క పడక గదిలోకి వెళ్ళింది, తూవె తోడు వెళ్ళి తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. నన్ను వంటింట్లో కూర్చోమన్నారు.

"తాతగారూ, కూర్చున్న చోటి నుంచి లేవొద్దు. చెప్పడాలు కూడా వద్దు" అంది తూవె.

"నేను మాట్లాడే రకం కాదు."

"ఊరంతా ఆ మాట అనదు తాతగారూ."

సొరుగు లాగిన చప్పుడు. చాలాసేపటికి రెండోది. ఒకసారి ఏదో కింద పడింది. వంకీ కర్ర అయి ఉంటుంది. వంగి తీసుకోగలదా? లేవబోయాను. లేవలేదు. కాసేపటికి అక్క తిట్టుకోవడం వినపడింది. తిడుతోందంటే దొరికినట్టే.

ముప్పావు గంటకి వంటింట్లోకి వచ్చింది. మేజోళ్ళు బిగువుగా ఉన్నాయి. లంగా సరిగ్గా ఉంది. స్వెట్టర్ బిళ్ళలు అయిదూ పెట్టుకుంది. కోటు తగిలించుకుంది, అది కూడా అరచేతుల్తో నెట్టి. బూట్లు. తొడుగులు మెడలో తాడుకి కట్టి ఉంచాను, పోగొట్టుకోకుండా. అన్నీ అయ్యాయి. నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు మేకుకి తగిలించిన తలగుడ్డ తీసింది.

తలగుడ్డ! అన్నీ చూసుకున్నాను. అది చూసుకోలేదు. అభ్యాసం అంతా ఇంట్లోనే చేశాం, తల దాకా వెళ్ళనే లేదు. నేను మగాణ్ణి, గడ్డం కింద ముడి వేసుకోవాలన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

అక్క గుడ్డ తల మీద వేసుకుంది. రెండు కొసలూ పట్టుకుంది. ముడి వెయ్యబోయింది. ఒక కొస జారింది. మళ్ళీ పట్టుకుంది. ఇంకో కొస జారింది. మూడోసారి పంటితో పట్టుకుంది. పడలేదు.

"అది లేకుండా వెళ్తాను" అంది.

తూవె మెల్లగా అంది. "ఈ గాలికి చెవులు కప్పుకోకుండా కుదరదు మామ్మగారూ. అదీ లెక్కే."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. రెండు అడుగులు వేస్తే చాలు, ఒక్క ముడి. నా చేతులతో ఈ జన్మలో ఎన్ని ముడులు వేశానో. ఆ ఒక్కటీ వేస్తే అక్క పట్నం వెళ్తుంది.

అక్క నా వైపు చూసింది. నా కళ్ళలోకి కాదు. కాస్త పైకి. నేను కంగారులో తోలు టోపీ పెట్టుకునే కూర్చున్నాను, ఏడింటి నుంచీ. వేరే రోజైతే వంటింట్లో టోపీ ఏంట్రా అని ఎప్పుడో అరిచేది.

నడుచుకుంటూ వచ్చింది. నా ముందు నిలబడింది. రెండు అరచేతులతో నా టోపీ అటూ ఇటూ పట్టుకుని పీకి, తన నెత్తిన పెట్టుకుంది. చెవుల దాకా దిగింది. కనుబొమల దాకా కూడా.

"ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నావు" అంది తూవెతో. "వాడు వెయ్యలేదు. నేను వేశాను."

తూవె కాగితం చూసింది. చాలా శ్రద్ధగా చూసింది. "టోపీ ఎవరిదని ఇందులో అడగలేదు మామ్మగారూ" అంది.

అక్క తొడుగులు తొడుక్కుని సంచీ మోచేతికి తగిలించుకుని బయటికెళ్ళింది. మేం కిటికీ దగ్గర నిలబడ్డాం. కొట్టందాకా వెళ్ళింది. లోపలికెళ్ళింది. వచ్చింది. దారి మధ్యలో ఆగిపోయింది. నేను తలుపు వైపు కదిలాను. తూవె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి తాతగారూ."

అక్క తల ఎత్తి కిటికీ వైపు చూసింది, మేం చూస్తున్నామో లేదోనని. చూస్తున్నామని తేలాక నడిచింది.

నాలుగు కట్టెలు. పొయ్యి పక్కన పడేసింది. పడేసి కుర్చీలో కూర్చుని, "కాఫీ పెట్టరా. అది మునిసిపాలిటీ రూలు కాదు, నా రూలు" అంది.

తూవె రాసింది. ఈస్టర్ తర్వాత మళ్ళీ వస్తానంది. అప్పటిదాకా అక్క ఇక్కడే. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నన్ను అడిగింది. "ఫిబ్రవరిలో రోజూ వచ్చేవాణ్ణని చెప్పారు కదా తాతగారూ."

"లేదు" అన్నాను. "తొమ్మిది రోజులు రాలేదు."

తల ఊపింది. అది కాగితం మీద రాసిందో లేదో నేను చూడలేదు.

నవంబరు 10

పడుకున్నాను. రోజంతా.

నవంబరు 21

రాత్రంతా మంచు పడింది. మోకాలి లోతు. గాలి లేదు.

పొద్దున చేపలు పట్టుకుని వెళ్ళాను. అక్క అప్పటికే బయట ఉంది. అన్నీ వేసుకుంది, ఒకదాని మీద ఒకటి, చలికాలపు పడవలా నిండుగా. నా టోపీ నెత్తిన ఉంది. చీపురు చంకలో ఇరికించుకుని మెట్ల మీది మంచు ఊడుస్తోంది. నన్ను చూసి ఆగింది.

"ఒరేయ్! నెత్తిన ఏమీ లేకుండా ఈ చలిలో ఎవడన్నా తిరుగుతాడురా? డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు! చెవులు రాలిపోతే ఎవడు అతికిస్తాడు? నీకు చెప్పేవాళ్ళు లేరనుకుంటున్నావా? ఆ చొక్కా బొత్తాం పెట్టుకో ముందు!"

టోపీ గురించి ఒక మాట అనొచ్చు. అనలేదు.

చేపలు పట్టుకుని మెట్ల కింద నిలబడి తిట్లు తిన్నాను. అక్క ఊపిరి తీసుకోడానికి ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. నాకేం తొందర లేదు.